కూత పెడితే పొగబండి అవుతుందా?

ఈ వారమంతా నన్ను చికాకు పెట్టిన మాట 'హెరిటేజ్ రైలు'. 2023 అక్టోబరు మొదట్లో రాజస్థాన్‌లో మార్వాడ్ నుంచి ఖామ్లీఘాట్ దాకా ఆరావళి కొండల్లో ఒక పర్యాటక రైలు మొదలైంది. ఆ నెలాఖరున గుజరాత్‌లో ఏక్తానగర్, అహ్మదాబాద్ మధ్య మరొకటి వచ్చింది. రెండింటికీ ముందు పాత పొగబండి రూపమే. లోపల చూస్తే మొదటిది డీజిల్‌తోనూ రెండోది కరెంటుతోనూ నడుస్తాయి. మన అరకుకూ అలాంటిదొకటి వేస్తే ఎంత బాగుండునో అని మురిసేవాళ్లకు కొదవ లేదు. ఈ కాలమ్‌ను వదలకుండా చదివేవారికి నా పాత పట్టుదల తెలిసిందే. చేతిపని బతికున్నచోటే వారసత్వం బతుకుతుంది. పోలిక మాత్రమే మిగిలినదాన్ని ఆ పేరుతో పిలవడానికి నాకు మనసొప్పదు.

మెదక్ వాళ్లకు ఈ తేడా సులువుగా అర్థమవుతుంది. మన ఖిల్లా మీది ఫిరంగి పేలకపోయినా ఫిరంగే. 1924లో పూర్తయిన మన చర్చి వందేళ్లు దాటినా నిలబడే ఉంది. రాయికి, ఫిరంగికి ఓపిక ఎక్కువ. ఆవిరి ఇంజనుకు ఆ ఓపిక లేదు. స్టేషను ముందు సిమెంటు దిమ్మె మీద నిలబెట్టి ఏటా రంగు వేస్తే దాని ఆకారం నిలుస్తుందేమో గానీ దాన్ని నడిపే విద్య నిలవదు. బండి కదలడానికి కొన్ని గంటల ముందే పొయ్యి రాజెయ్యాలి. ఫైర్‌మన్ బొగ్గును కుప్పగా పొయ్యడు, మంట పలచబడిన చోటు చూసి పారతో అక్కడికే విసురుతాడు. గాజు గొట్టంలో నీటిమట్టం మీద ఒక కన్ను, ఆవిరి ఒత్తిడి ముల్లు మీద ఒక కన్ను ఉండాలి. కొండ ఎక్కేటప్పుడు బాయిలర్ ఏటవాలుగా ఉంటుంది కనుక గాజులో కనిపించే మట్టాన్ని అలాగే నమ్మకూడదు. ముందు ఎక్కుడు రాబోతుంటే ఇప్పుడే ఆవిరి కూడబెట్టుకోవాలి. అంటే దారి అతని తలలో ఉండాలి. ఈ పనిని పుస్తకం చదివి పట్టుకోలేం, తెలిసినవాడి పక్కన నిలబడి ఏళ్ల తరబడి చేస్తేనే ఒంటబడుతుంది.

ఆ విద్య ఇంకా ఊపిరి పీలుస్తున్న చోటు మన దక్షిణాదిలోనే ఉంది. నీలగిరి రైలు మెట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు ఎక్కుతుంది. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో తెరిచారు. 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కల్లార్ దాటాక ఎక్కుడు దాదాపు 1:12. మామూలు చక్రాలు అక్కడ జారిపోతాయి. అందుకే పట్టాల మధ్య పళ్ళున్న ఇనుప బద్దెలు వేశారు. ఇంజను కింది పళ్ళచక్రం వాటిని కరిచి పట్టుకుని ఎక్కుతుంది. ఇంజను వెనక నుంచి బండిని నెడుతుంది. ముందున్న పెట్టె మీద నిలబడ్డ బ్రేక్‌మన్ దారి చూసి జెండా ఊపితే, ఆ సైగ పెట్టె నుంచి పెట్టెకు అందుకుంటూ వెనకనున్న డ్రైవరుకు చేరుతుంది. కూనూరు దాటాక మాత్రం డీజిల్ ఇంజనే. అందుకు నాకేమీ అభ్యంతరం లేదు, ఎందుకంటే అక్కడ డీజిల్‌ను డీజిల్‌లాగే చూపిస్తున్నారు. తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపు ఈ దారి కోసం ఆవిరి ఇంజన్లను కొత్తగా తయారు చేసింది. 2021లో బొగ్గుతో నడిచేదాన్నీ బయటికి తెచ్చింది. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఇంజనును ఇక్కడి ఫిట్టర్లు మళ్లీ పుట్టించారు. నా దృష్టిలో వారసత్వమంటే అది.

పొగ మాటేమిటని అడగవచ్చు. ఆ దారిలో కొన్ని ఇంజన్లు ఎప్పుడో నూనెకు మారాయి. రోజుకు ఒకటి రెండు బండ్ల పొగను ఘాట్ రోడ్డు మీది కార్ల వరుస పక్కన పెట్టి చూడండి. పోలిక బండి వల్ల నష్టమేముంది, పిల్లలు సంబరపడతారు కదా అని ఇంకొందరంటారు. పిల్లల సంబరం నాకూ ముఖ్యమే. కానీ నకలుకు అసలు పేరు పెడితే, రేపు అసలుకు డబ్బు అడిగినప్పుడు 'ఉన్నది చాలదా' అనే జవాబు వస్తుంది. వీటన్నిటికన్నా గట్టి ప్రశ్న మన ఊరిదే. నిజాం కాలపు మీటర్‌గేజ్ లైను అక్కన్నపేట మీదుగా పోయినా, మెదక్ పక్కనుండి చూస్తూ ఉండిపోయింది. అక్కడి నుంచి 17 కిలోమీటర్ల లైను పడి మనకు రైలు వచ్చింది 2022 సెప్టెంబరులో. ఇలాంటి ఊళ్లు ఇంకా ఎన్నో ఎదురు చూస్తుంటే, టికెట్ డబ్బుతో గట్టెక్కని కొండ రైళ్లకు ఖర్చెందుకు? నిజమైన బాధతో అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు వెతుకుతుంటేనే నా ఆలోచన మలుపు తిరిగింది.

తెలుగు కొండల్లోనూ నిజమైన ఆవిరి బండి నడపమని అడగాలనుకున్నాను. ఇప్పుడు అడగను. అరకు మీదుగా కిరండూల్ పోయే లైను 1960లలో బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి పుట్టింది. 58 సొరంగాల ఆ దారిలో ఖనిజం బండ్లను మొదట డీజిల్, 1980ల నుంచి కరెంటు లాగాయి. పొగ దాని చరిత్రే కాదు, 2017లో వచ్చిన అద్దాల పెట్టె దానికి చాలు. ఆవిరి మీద హక్కున్నది నల్లమలకు. 1880లలో వేసిన మీటర్‌గేజ్ అక్కడ దొరబావి వంతెన మీదుగా లోయ దాటింది. 1990లలో గేజ్ మారి దారి పక్కకు జరిగాక అడవిలో వంతెన స్తంభాలే మిగిలాయి. ఆ పట్టాలూ లేవు, షెడ్డూ లేదు, ఫైర్‌మన్లూ లేరు. పులులు తిరిగే ఆ అడవిలో ఇప్పుడు కొత్తగా ఏం నడిపినా అదీ వేషమే అవుతుంది. స్తంభాలను స్తంభాలుగానే కాపాడితే చాలు.

రైల్వేకు నేను చేసే విన్నపం చిన్నది. కొత్త వేషాల మీద పెట్టే డబ్బును ఊళ్లకు కొత్త లైన్లు వేయడానికి వాడండి. అందులో కొంచెం తీసి, లాలాగూడ వర్క్‌షాపు నుంచి ఏటా నలుగురు అప్రెంటిస్‌లను గోల్డెన్ రాక్‌కు, కూనూరు షెడ్డుకు పంపండి. పాఠకులకూ ఒక మాట. మెట్టుపాళయంలో ఆ బండి ఉదయం 7.10కి కదులుతుంది. కిటికీ సీటు కోసం పరుగెత్తే ముందు, బండి చివరిదాకా నడిచి ఇంజను దగ్గర పనిచేస్తున్నవాళ్లను ఒకసారి చూసి రండి.