ఆఫ్ సీజన్

యువజనోత్సవాల్లో ఏకాంకికకు దక్కేది 30 నిమిషాలు. వేదిక మీద తొమ్మిది మంది, సంగీతం, లైట్ల దగ్గర మరో ముగ్గురు. భారత విశ్వవిద్యాలయాల సంఘం పెట్టిన లెక్క ఇది. ఆ అరగంట కోసం పన్నెండు మంది వారాల తరబడి క్లాసులెగ్గొట్టి రిహార్సల్ చేస్తారు. ఆట ముగిసీ ముగియగానే సెట్ విప్పాలి, తర్వాతి జట్టు సామాన్లు పట్టుకుని పక్కనే నిలబడి ఉంటుంది. ఆపైన ఓ గ్రూప్ ఫోటో, బిర్యానీ, బస్సు.

ప్రైజు వస్తే పేపర్లో వార్త, రాకపోతే జడ్జీలకు తిట్లు. నాటకం ఎట్లా తయారైందన్న ముచ్చట మాత్రం ఎవరూ ఎత్తరు.

చక్కెర మిల్లు ఊరైన బోధన్ పిల్లలకైనా ఈ మౌనం వింతగా తోచాలి. అక్కడి శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ మిల్లు 1937లో పుట్టి, 2015 డిసెంబర్‌లో మూతపడింది. అది నడిచినన్నాళ్లు చెరకు ఆడటం అయిపోయాక కూడా మిల్లులో పని ఉండేది. రోలర్లు విప్పాలి, అరిగిన పళ్లు సరిచేయాలి, బాయిలర్ గొట్టాల్లో పేరుకున్నదంతా గీకాలి. వచ్చే ఏడు రసం ఎంత దిగుతుందో తేలేది ఈ ఖాళీ నెలల్లోనే. విద్యార్థి నాటకానికి సీజన్ ఉంది గానీ ఓవరాలింగ్ లేదు.

ఆడుతూనే ఓవరాలింగ్ చేసుకునేవాళ్లూ ఉన్నారు. బోధన్ పక్కనే అమ్దాపూర్ ఉంది. చిందుల ఎల్లమ్మ ఊరు. చిన్ననాడే గజ్జె కట్టిన ఆమె 2005లో కన్నుమూసేనాటికి చిందు యక్షగానమంటే ఆమె పేరే చెప్పుకునేదాకా వచ్చింది. చిందు మేళంలో కుటుంబమే జట్టు, ఆడవాళ్లూ వేషం కడతారు. కిరీటాలు, భుజకీర్తులు తేలికైన పొనికి కర్రతో చెక్కుతారు. ఇవాళ ఒక ఊళ్లో ఆడిన కథను మరోనాడు ఇంకో ఊళ్లో ఆడాలి. తాళం ఎక్కడ జారిందో, ఏ ఘట్టం దగ్గర జనం లేచిపోయారో తర్వాతి ఆటలోనే సర్దుకుంటారు. వాళ్లకు సమీక్ష అని వేరే కూర్చోవాల్సిన అవసరం లేదు, మళ్లీ ఆడటమే సమీక్ష. (అది కులం నెత్తిన పెట్టిన బతుకుదెరువు కూడా. కాలేజీ వాళ్లకు ఆదర్శంగా చూపేటప్పుడు ఈ మాట దాచకూడదు.)

డిగ్రీ పిల్లల్లో చాలామందికి రెండో ఆట ఉండదు. ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోతే వాళ్లు నేర్చుకున్నదీ వాళ్లతోనే పోతుంది. కొత్త బ్యాచ్ మళ్లీ మొదటి మెట్టు నుంచే.

పోటీలను తప్పుపట్టి లాభం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్‌గా కె.వి. గోపాలస్వామి కాలేజీల మధ్య నాటక పోటీలు పెట్టించకపోతే, అక్కడి క్యాంపస్‌లో నాటకానికి అంత ఊపు వచ్చేది కాదు. గొల్లపూడి మారుతీరావు లాంటి వాళ్లు ఎదిగింది ఆ వాతావరణంలోనే. కొరతంతా పోటీ అయిపోయిన మర్నాటిది.

ఆ మర్నాటి పనిని పట్టుదలగా చేసినవాడు జర్మన్ నాటకకర్త బ్రెక్ట్. 1948లో స్విట్జర్లాండ్‌లోని కూర్ పట్టణంలో ‘యాంటిగొనీ’ ఆడాక, రూత్ బెర్లావ్ తీసిన ఫోటోలతో ఆ ప్రదర్శనను ఒక పుస్తకంగా కట్టారు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎందుకు నిలబడ్డారు అన్నవన్నీ అందులో ఉంటాయి. కాలేజీకి అంత హంగు అక్కర్లేదు, ఒక రూళ్ల నోట్‌బుక్ చాలు.

కూర్చోవాల్సింది మాత్రం ఆట అయిన రాత్రి కాదు. ఆ రాత్రి అన్నీ పొగడ్తలో, లేదా “నువ్వు గా డైలాగ్ మింగినవ్, గందుకే పోయింది” అనే తగువులో. రెండు రోజులు ఆగి, మొదట లైట్ల దగ్గరున్న పిల్లను మాట్లాడించాలి. నాటకాన్ని ముక్కలుగా కాక పూర్తిగా చూసేది ఆమె ఒక్కతే. డైరెక్టర్ సారు చివర మాట్లాడితే మంచిది, ముందే నోరు విప్పితే మిగతావాళ్లు తలలూపి లేచిపోతారు. అందరూ కలిసి అల్లిన నాటకమైతే ఇంకో చిక్కు. ఏ మాట ఎవరిదో అప్పుడే రాసిపెట్టుకోకపోతే పోస్టర్ మీద ఒక్కరి పేరే మిగులుతుంది.

యువజనోత్సవం నిబంధనల్లో ఇంకొకటి ఉంది. ప్రాంతీయ భాషలో ఆడే జట్టు కథాసారాన్ని హిందీలోనో ఇంగ్లీషులోనో ముందుగా ఇవ్వాలి. దాన్ని ఎవరో ఒకరు హడావుడిగా గీకేస్తారు. అదే ఒక్క పేజీని ఆట అయ్యాక పన్నెండు మంది చేతా విడివిడిగా, తెలుగులోనే రాయించి చూడాలి. కాగితాలు పక్కపక్కన పరిస్తే, అసలు కథ ఎవరిదన్న దగ్గరే వాదన మొదలవుతుంది.