సుందర్‌లాల్ కమిటీ లెక్క కట్టిన తీరు

1948 సెప్టెంబరు 18న సికింద్రాబాద్ దగ్గర నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. హైదరాబాద్ సంస్థానంపై భారత సైన్యం జరిపిన పోలీసు చర్య ముగిసింది గాని చావులు ఆగలేదు. ఎందరు పోయారంటే తలా ఒక మాట చెప్పేవారు. నెహ్రూ పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ నవంబరు 29న హైదరాబాదు చేరారు. డిసెంబరు 21కి ఢిల్లీ తిరిగి వెళ్లారు.

అంత తక్కువ వ్యవధిలో వాళ్లు పని నడిపిన పద్ధతి చూడాలి. సంస్థానంలోని 16 జిల్లాల్లో తొమ్మిది తిరిగారు. 21 పట్టణాలు, 23 ముఖ్యమైన గ్రామాలు చూశారు. వెళ్లలేకపోయిన 109 ఊళ్ల నుంచి 500 మందికి పైగా మనుషుల్ని కలిసి అడిగారు. నిజాంను కలిశారు, చౌధురిని కలిశారు, స్టేట్ కాంగ్రెస్ నేత స్వామి రామానంద తీర్థను కలిశారు. కొన్ని హత్యలకు కాగితాలే సాక్ష్యం: కాటిన్ అడవిలో సోవియట్లు చంపిన పోలిష్ అధికారుల జేబుల్లో దొరికిన కాగితాలు 1940 వసంతంతో ఆగిపోయాయి. మాస్కో 1990 దాకా ఒప్పుకోకపోయినా ఆ తేదీలే నిజం చెప్పాయి. హైదరాబాదులో మాత్రం ప్రధాన ఆధారం కాగితం కాదు, నోటిమాట. దానికి తోడు కళ్లతో చూసింది: ఒక బావిలో వాళ్లే 11 శవాలు లెక్కపెట్టారు. అందులో ఒక తల్లి, ఆమె రొమ్మును అంటిపెట్టుకున్న బిడ్డ ఉన్నారు.

ఇక కూడిక. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలో 18 వేలకు తగ్గరు. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్‌లలో కనీసం 5 వేలు. మొత్తం 23 వేలు. ఎక్కువ దెబ్బతిన్నవి ఈ ఎనిమిదేనని అధికారులే చెప్పారు. ఆపైన సంస్థానం మొత్తానికి 27 వేల నుంచి 40 వేలు అన్నారు. 23 నుంచి 27కు అడుగు చిన్నదే. 40కి మాత్రం పెద్ద అంగ. లెక్కలో బలహీనమైన చోటు అదేనని నాకనిపిస్తుంది. కానీ దాన్ని దాచకుండా రెండు కొసలూ చూపించారు. అందుకే ఆ లెక్కను ఇవాళ మనం విప్పి పరీక్షించగలుగుతున్నాం.

ఉస్మానాబాద్ మొదలైన మొదటి నాలుగు జిల్లాలే నిజాం పక్షాన పోరాడిన సాయుధ రజాకార్ల కోటలనీ, వాళ్ల చేతిలో జనం అక్కడే ఎక్కువ నలిగారనీ రాశారు. సైన్యంలో, పోలీసుల్లో కొందరు లూటీలో పాల్గొన్నారనీ రాశారు. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లను దాడుల నుంచి కాపాడారనీ మరవలేదు.

ప్రభుత్వం ఈ నివేదికను దశాబ్దాలు బయటపెట్టలేదు. ఆ ఎనిమిది జిల్లాల నేల ఇప్పుడు మూడు రాష్ట్రాల్లో ఉంది. తక్కిన జిల్లాల్లో ఊరూరా లెక్క తేల్చే పని మిగిలే ఉంది.