పట్టిక పేర్చే పనితనం

కాలమ్ పేరు మీద నొక్కితే వరసలు మారాలి. కింద పేజీ నంబర్లుండాలి. రెండక్షరాలు కొట్టగానే అక్కర్లేనివి తప్పుకోవాలి. ఆఫీసు గుమాస్తా రోజంతా చూసే పట్టిక ఇంతే. కానీ దాన్ని జావాస్క్రిప్టులో మొదటినుంచీ రాయబోతే తల ప్రాణం తోకకొస్తుంది.

జావా వెబ్ అప్లికేషన్ల కోసం 2004లో వచ్చిన జావాసర్వర్ ఫేసెస్ తెరను భాగాలుగా పేర్చే పద్ధతికి ఒక ప్రమాణం ఇచ్చింది. తర్వాత రిచ్‌ఫేసెస్, ఐస్‌ఫేసెస్, ప్రైమ్‌ఫేసెస్ లాంటి రెడీమేడ్ సరుకు దిగింది. నా ఓటు ప్రైమ్‌ఫేసెస్‌కే. ఎక్లిప్సో నెట్‌బీన్సో, ఎవరికి అలవాటైన ఎడిటర్ వాళ్లు తెరిచి, ప్రైమ్‌ఫేసెస్ జార్ ఫైలు చేర్చుకుంటే చాలు. డేటాటేబుల్ ట్యాగులో పేజినేటర్‌కు ట్రూ, రోస్‌కు 10 అని ఇస్తే పేజీకి పది వరసలు సిద్ధం.

అసలు నేర్పు లక్ష వరసలున్నప్పుడు కనిపిస్తుంది. అన్నీ ఒక్కసారే మెమరీలోకి లాగితే సర్వర్ చతికిలబడుతుంది. ప్రైమ్‌ఫేసెస్‌లోని లేజీడేటామోడల్ క్లాసును ఎక్స్‌టెండ్ చేసి లోడ్ మెథడ్ రాస్తే, ఎక్కణ్నుంచి ఎన్ని వరసలు, ఏ క్రమంలో కావాలో పట్టికే అడుగుతుంది. డేటాబేసు నుంచి అంతవరకే తెచ్చిస్తాం. చూసేవాళ్లకు మాత్రం లక్షా చేతిలో ఉన్నట్టే.

తిరకాసులూ ఉన్నాయి. మామూలుగా ఫారంలోని పట్టిక ఐడీకి ముందు ఫారం ఐడీ కూడా చేరుతుంది. వేరే ఫారంలోని బటన్‌తో దాన్ని అప్‌డేట్ చేయాలంటే ఆ పూర్తి పేరు చెప్పాలి, లేదంటే ఎర్రర్ మొహాన కొడుతుంది. ఈ పనితనం వంటబట్టినవాళ్లకు, సాయంత్రం ఇంటికి బయల్దేరేవేళ “ఇంకో కాలమ్ కావాలండీ” అని ఫోనొచ్చినా కంగారుండదు.