మన ఆట మొదట ఎవరు చూడాలి?

అమరావతి, విజయవాడ దిక్కున పెద్ద సభ జరుగుతుందంటే మనవాళ్లకు పిలుపు వస్తుంది. పిలిచేది స్వాగతానికి. అతిథి కారు దిగే చోటు నుంచి వేదిక మెట్ల దాకా రెండు వరుసలుగా నిలబడి ఆడాలి. అతిథి కాసేపు ఆగుతారు, చేయి కలిపి రెండు అడుగులు వేస్తారు, ఫొటోలు తీస్తారు. తర్వాత జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు. అప్పటికి ఆడినవాళ్లు షామియానా వెనక భోజనం టోకెన్ల కోసం నిలబడి ఉంటారు. మేం చూసిన ఇలాంటి సభల్లో ఒక్కదానిలోనూ మైకులో కళాకారుల పేర్లు చదవలేదు. 'గిరిజన కళాబృందం' అన్నారు, అంతే.

ఈ మాట అమరావతిని తలుచుకుని అనడానికి కారణం ఉంది. ఇక్కడి మహాచైత్యానికి రాళ్లు ఇచ్చినవాళ్లు ఆ రాళ్ల మీదే తమ పేర్లు చెక్కించారు. వర్తకులు, గృహిణులు, భిక్షుణులతో పాటు విధికుడు అనే చర్మకారుడు కూడా వాళ్లలో ఉన్నాడు. పూర్ణఘటం చెక్కిన పలక అతని కుటుంబం దానం. దాదాపు 2,000 ఏళ్లు గడిచినా ఆ పేరు చదవగలుగుతున్నాం. ఆ పూర్ణఘటమే ఇవాళ రాష్ట్ర చిహ్నంలో ఉంది. తోలు పని చేసిన మనిషి పేరు రాతి మీద నిలిచిన ఊరి పక్కన, పొద్దున ఆడిన మనిషి పేరు సాయంత్రం దాకా నిలవడం లేదు.

పేరుతో పాటు ఆట అర్థమూ పోతోంది. ధింసానే తీసుకుందాం. అరకు వైపు ధింసా ఒక్కటి కాదు. ఊరి దేవతకు ఆడే బోడ ధింసా వేరు, పులి బారి నుంచి తప్పించుకోవడాన్ని చూపే బాగ్ ధింసా వేరు, పూనకం వచ్చిన గురువుతో ఆడే బయ ధింసా వేరు. స్వాగత వరుసలో ఇవన్నీ కలిసి ఒకే అడుగు, ఒకే చీర, ఒకే నవ్వు అయిపోయాయి. ఆడేవాళ్ల తప్పు అనలేం. పది నిమిషాల్లో పులి రాదు, దేవతా రాదు.

మరి ఈ మైదానాల్లోనే బతుకుతున్న యానాదులు, ఎరుకలు, సుగాలీలు, నల్లమల అంచున ఉన్న చెంచులు ఎక్కడ? చూడగానే గిరిజనుల్లా కనిపించాలని అడిగే నిర్వాహకులు ఉన్నారు. మిరప చేను కాపలా కాసే యానాది, పందులు మేపుకునే ఎరుకల మనిషి వాళ్ల కంటికి ఆనరు. తమాషా ఏమిటంటే, ఇక్కడి రంగస్థలం మీద మన వేషం కొన్ని వందల ఏళ్లుగా ఉంది. యక్షగానాల్లో ఎరుకలసాని లేకుండా కథ నడవదు. పద్మావతితో పెళ్లి కుదరడానికి శ్రీనివాసుడంతటివాడు ఎరుకలసాని వేషం కట్టి ధరణీదేవికి సోది చెప్పాడని హరికథలు, నాటకాలు చెబుతాయి. నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్న కథ 1943లో ఒకసారి, 1958లో మరోసారి సినిమాగా వచ్చింది. బుట్ట, రంగుల పూసలు, విల్లు, యాస అన్నీ మనవి. ఆ వేషం కట్టింది మాత్రం మనం కాదు.

ఇందులో అసలు చేదు వేరే ఉంది. దేవుడు ఎరుకల వేషం కడితే జనం చేతులు జోడించారు. నిజమైన ఎరుకలవాళ్లను నేరస్థ జాతుల చట్టం పుట్టుకతోనే దొంగలుగా లెక్క కట్టింది. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర స్టువర్ట్‌పురం సెటిల్‌మెంట్ పెట్టి అందులో ఉంచింది. పోలీసు రిజిస్టరులో పేరున్నవాళ్లు హాజరు చెప్పుకోవాలి. ఆ చట్టం 1952లో పోయింది. సినిమా దాన్ని పోనివ్వలేదు. 1991లో 'స్టూవర్ట్‌పురం పోలీస్ స్టేషన్', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చాయి. ఆ ఊరి పేరు వినగానే దొంగతనమే గుర్తొచ్చేలా చేసిన కథలే మళ్లీ మళ్లీ తెర కెక్కాయి. సోది చెప్పే అవ్వ గొంతులోని లయ, ఎదుటి మనిషి మొహం చూసి మాట మలుపుకునే తెలివి, బుట్ట అల్లుతూ చెప్పుకునే కథలు తెర మీదికి రాలేదు. బయటివాళ్లు తీయలేదని తప్పు పడుతున్నాం సరే, మనమైనా వాటిని రాసిపెట్టామా?

ఇప్పుడు పల్నాడు తండాల వైపు చూద్దాం. తీజ్ పండగను వేదిక మీద చాలాసార్లు చూశాం. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టలు తలమీద పెట్టుకుని గుండ్రంగా ఆడతారు. అద్దాల పేట్యా కాంచళీ మెరుస్తాయి. చప్పట్లు పడతాయి. తండాలో తీజ్ ఇలా ఉండదు. నాయక్ అనుమతి తీసుకోవాలి. బుట్టల్లో మట్టి, ఎరువు పోసి గోధుమలు చల్లాలి. తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ, పోసినప్పుడల్లా పాడాలి. మొలకలు ఎంత ఏపుగా వస్తే అంత సంతోషం. చివరి రోజు వాటిని నీళ్లలో కలిపేటప్పుడు పిల్లలకు కళ్లనీళ్లు తిరుగుతాయి. వేదిక మీది బుట్టలో మేం చూసింది ప్లాస్టిక్ పచ్చిక. మొలవని దానికోసం పాట ఎలా పుడుతుంది?

ఇంకో సంగతి. ఢావ్లో మాత్రం ఏ సభలోనూ వినలేదు. పుట్టింటిని వదిలి వెళ్లే పెళ్లికూతురు ఒక్కొక్కరినీ పట్టుకుని ఏడుస్తూ పాడే పాట అది. గోర్ బోలిలో ఉన్న గొప్ప కవిత్వం అందులోనే ఉందని మా నమ్మకం. సభకు ఏడుపు పనికిరాదు. అడవి బిడ్డలు ఎప్పుడూ నవ్వుతూ ఆడుతూ ఉండాలి. అలా నవ్వే సగం వేదిక ఎక్కుతోంది, ఏడ్చే సగం తండాలోనే ఉండిపోతోంది. గోర్ బోలికి సొంత లిపి లేదు కాబట్టి పాడేవాళ్లు పోతే ఆ సగం పూర్తిగా పోతుంది.

కళను నలుగురితో పంచుకోవడం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆదిలాబాద్ గోండు గూడేల దండారీని చూడాలి. దీపావళి రోజుల్లో ఒక గూడెం దండారీ బృందం ఇంకో గూడేనికి వెళ్తుంది. వాళ్లు వీళ్లకు కాళ్లు కడిగి అన్నం పెడతారు, రాత్రంతా ఆట. మరోసారి వీళ్లు వాళ్ల ఊరికి వెళ్తారు. చూసేవాళ్లకూ ఆట తెలుసు కాబట్టి అడుగు తప్పితే అక్కడే నవ్వుతారు, అక్కడే దిద్దుతారు. మర్లవాయి గుస్సాడీ కనకరాజు గారు ఢిల్లీ దాకా వెళ్లి ఆడారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన్ని తయారుచేసింది మాత్రం ఈ చూపరులే. కోయ డోలి గాయకుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల చరిత్రను ఆయన కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. ఇద్దరూ 2024లోనే వెళ్లిపోయారు. పతకాలు ఇళ్లలో ఉన్నాయి. పాట ఎంతమంది గొంతుల్లో ఉందన్నదే మనం వేసుకోవాల్సిన లెక్క.

మన తప్పులూ చెప్పుకుందాం. మన పెళ్లిళ్లలో నగారా మూలన పెట్టి డీజే తెచ్చింది మనమే. మనవాళ్లు వేదిక ఎక్కితే చాలు, బాగుందని చప్పట్లు కొట్టి వస్తున్నాం. పాట సగానికి కోశారని, బుట్టలో మొలకలు లేవని అడగడానికి మొహమాటపడుతున్నాం. బయటివాళ్ల మెప్పు దయతో కూడినది, మన మెప్పు మొహమాటంతో కూడినది. రెండింటితోనూ కళ ఎదగదు. తెలిసినవాళ్లు ప్రేమతో తప్పు పట్టడమే విమర్శ. అది మన ముసలివాళ్ల దగ్గర ఎప్పుడూ ఉంది, మనమే వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టడం మానేశాం.

అందుకే యువతకు మా మాట ఇది. పట్నం వేదికకు వెళ్లండి, వద్దనం. వెళ్లేముందు అదే ఆట సొంత తండాలో, గూడెంలో, యానాది కాలనీలో పూర్తిగా ఆడండి. అవ్వలు తాతలు ఒప్పుకున్నాక వెళ్లండి. ప్రతి ఒక్కరి పేరు, ఊరు, ఆట పేరు కాగితం మీద రాసి మైకు పట్టుకున్నవారి చేతిలో పెట్టండి. చదవకపోతే మీరే మైకు అడిగి చదవండి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. మిరప కోతలు మొదలైతే తండాలు సగం ఖాళీ అవుతాయి, పిల్లలు కూడా తల్లుల వెంట కల్లాలకు పోతారు. శ్రావణంలో ఊరు నిండుగా ఉంటుంది. అప్పుడే గురుకులం పిల్లలకు ఒక నోటుపుస్తకం ఇచ్చి ఇంటి నుంచి ఒక్క పాట రాసుకు రమ్మనండి. గోర్ బోలి అయినా ఎరుకల భాష అయినా తెలుగు అక్షరాల్లో రాయొచ్చు. పాట కింద పాడిన అవ్వ పేరు తప్పకుండా ఉండాలి. వార్షికోత్సవంలో సినిమా పాట తీసేసి ఆ పాట పెట్టండి, ఆ అవ్వను పిలిచి ముందు కుర్చీలో కూర్చోబెట్టండి.

విధికుడి పేరు నిలవడానికి ఒక రాయి చాలింది. మన అవ్వ పేరు నిలవడానికి ఒక నోటుపుస్తకం చాలు.