ఏమ్స్ కుటుంబ లేఖలు: పునర్నిర్మాణ యుగపు అంతరంగ సాక్ష్యం

మిసిసిపీ గవర్నరు అడల్బర్ట్ ఏమ్స్, ఆయన భార్య బ్లాంచ్ బట్లర్‌ల కుటుంబ లేఖలను బ్లాంచ్ బట్లరే సంకలనం చేశారు; అవి 1957లో రెండు సంపుటాలుగా వెలువడ్డాయి. వీటిలో 1875 నాటి లేఖలు విశేష పరిశీలనకు అర్హమైనవి. ఆ సెప్టెంబరులో క్లింటన్‌లో నల్లజాతీయుల హత్యాకాండ జరిగింది. గవర్నరు సైన్యాన్ని కోరినా వాషింగ్టన్ పంపలేదు. అక్టోబరులో భార్యకు రాస్తూ ఏమ్స్, ఆయుధబలంతో విప్లవం జరిగిపోయిందనీ, ఒక జాతి ఓటుహక్కు కోల్పోయి రెండవ బానిసత్వంలోకి పోతోందనీ నిర్ధారించారు. ఎన్నిక జరిగింది నవంబరులో! కనుక దీనిని ఓటమి అనంతరం అల్లుకున్న సమర్థనగా కొట్టివేయలేము. ఆత్మకథకు లేని విలువ ఈ లేఖలకు ఇందువల్లనే కలిగింది.

అయితే సంకలనకర్త తటస్థురాలు కారు. తండ్రిపై చరిత్రకారులు వేసిన మచ్చను తుడవాలన్న పట్టుదల వారి కుమార్తె బ్లాంచ్ ఏమ్స్‌ది; తన గ్రంథంలో ఏమ్స్‌ను చిత్రించిన తీరుపై జాన్ ఎఫ్. కెన్నెడీతోనే ఆమె ఉత్తరాలలో వాదించారు. అందుచేత లేఖల ఎంపికను ప్రశ్నించక తప్పదు. అంతకన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. దంపతుల ఈ సంభాషణలో ఓటుహక్కు పోగొట్టుకున్నవారు ప్రస్తావనకు వస్తారే గాని మాట్లాడరు. వారి మాట వినదలచిన పరిశోధకులు 1876లో సెనేట్ తరఫున బౌట్‌వెల్ కమిటీ నమోదు చేసిన వాంగ్మూలాలను ఈ సంపుటాల పక్కన పెట్టుకొని చదవాలి.