ఇల్లే లెక్కయితే ఆమె ఎక్కడ?

'జెంట్రిఫికేషన్' అన్న మాటని సామాజిక శాస్త్రవేత్త రూత్ గ్లాస్ 1964లో, 'లండన్: ఆస్పెక్ట్స్ ఆఫ్ చేంజ్' పుస్తకానికి రాసిన ఉపోద్ఘాతంలో వాడింది. శాస్త్ర పరిభాష అని మనం దాన్ని పక్కన పెట్టేస్తాం గానీ, నా దృష్టిలో అది వ్యంగ్యం తెలిసిన రచయిత్రి చేసిన మాట. బెర్లిన్‌లో పుట్టి లండన్ చేరిన గ్లాస్, ఇస్లింగ్టన్, పాడింగ్టన్ లాంటి చోట్ల కార్మికుల ఇళ్ళని మధ్యతరగతి ఆక్రమించుకోవటం చూసింది. పల్లెటూరి భూస్వాములకి వాడే 'జెంట్రీ'ని తెచ్చి వాళ్ళకి తగిలించింది. తెలుగులో 'సంపన్నీకరణ' అంటే అర్థం వస్తుంది, ఎత్తిపొడుపు పోతుంది. తెలంగాణలో 'దొర'కి ఆ పదును ఉంది. కానీ దొర గడీ వదిలి పేదల వాడలో ఇల్లు కొనుక్కోడు!

ఒకసారి మొదలయ్యాక పాతవాళ్ళు దాదాపు అందరూ ఖాళీ చేసేదాకా ఇది ఆగదనీ, పేట స్వభావమే మారిపోతుందనీ గ్లాస్ అంటుంది. వచ్చినవాళ్ళ వర్గం తెలుస్తుంది, పోయినవాళ్ళ వర్గం తెలుస్తుంది. ఇంటి లోపల ఎవరు ఏం చేస్తున్నారో తెలియదు. 1979లో నీల్ స్మిత్, నగరానికి తిరిగొస్తున్నది జనం కాదు, పెట్టుబడి అన్నప్పుడు ఇల్లు కాస్తా స్థలం ధరగా మిగిలింది. 1984లో డమారిస్ రోజ్ ఆ ఇంటి తలుపు తీసింది. ఒంటరి తల్లులు, చాలీచాలని జీతాల స్త్రీలు నగరం మధ్యకి ఎందుకొస్తారు? ఉద్యోగం, పిల్లల సంరక్షణ, బస్సు దగ్గర దగ్గరగా ఉంటే తప్ప వాళ్ళకి రెండు చాకిరీలూ సాగవు కనక. వాళ్ళని బిల్డర్లతో ఒకే గాటన కట్టడానికి ఆమె ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను. అయితే ఒక స్త్రీకి ఇల్లు దొరికిన చోటే ఇంకో స్త్రీకి ఇల్లు పోవచ్చు. ఆ రెండో ఆమె వైపు నుంచి చదివితే?

ఈ ప్రశ్నతో హైదరాబాద్ మాదాపూర్‌కి వస్తే లండన్ నమూనా చాలదు. 1998లో సైబర్ టవర్స్ వచ్చేనాటికి ఇక్కడ రంగులేసుకోవటానికి పాత కార్మికుల ఇళ్ళ వరసలు లేవు. ఊరుంది, పొలాలున్నాయి, బండరాళ్ళున్నాయి. మారింది ముందు భూమి. ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి పుట్టుకతోనే హక్కునిచ్చింది, అప్పటికే పెళ్ళయినవాళ్ళని మినహాయించి. కేంద్రం ఈ హక్కుని చట్టం చేసింది 2005లో. అంటే భూమి రేట్లు లేచిన కాలంలో ఒకే ఇంట్లో అక్కకి హక్కు లేకపోవచ్చు, చెల్లెలికి ఉండొచ్చు. ఉన్న చెల్లెల్ని పుట్టింటికి పిలిచి, చీరా సారె పెట్టి, సంతకం అడగటం మనకి తెలియంది కాదు. భూమి పోయిన రైతు మీద మనకి మంచి కథలున్నాయి. ఆ సంతకం మీద నేను చదివినవి చాలా తక్కువ. తండ్రి దుఃఖం ఊరి దుఃఖమైపోతుంది, కూతురి వాటా ఇంటి గొడవగా మిగిలిపోతుంది. ఏది చరిత్రో ఏది గొడవో ఈ విభజన చేసిందెవరని విమర్శకులు అడగాలి కదా.

ఇక ఆదాయం. మన జనగణన ఆదాయం అడగదు. టీవీ, కంప్యూటర్, స్కూటర్, కారు ఉన్నాయా అని కుటుంబాన్ని అడుగుతుంది. వాటిని బట్టి ఒక పేట బాగుపడిందని మనం చెప్పుకుంటాం. కారు తాళం ఎవరి చేతిలో ఉందో ఆ గడిలో పట్టదు. వేతనం లేని ఇంటిపని కూడా అక్కడ కనపడదు. అది చూడాలంటే 2024 కాలవినియోగ సర్వేకి వెళ్ళాలి. ఆ పని చేసేవాళ్ళల్లో స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు చేస్తున్నారని అందులో ఉంది.

జనగణనకి కుటుంబం అంటే కలిసి ఉంటూ ఒకే వంటింట్లో తినేవాళ్ళు. ఆ నిర్వచనం ప్రకారం యజమాని ఫ్లాట్‌లోనే ఉండి, అక్కడే తినే ఇంటిపని కార్మికురాలు కూడా ఆ కుటుంబంలో మనిషే. కంప్యూటర్, కారు ఉన్న ఇంట్లో ఆమె ఒక అంకె. ఆమె పెంచింది పేట జనాభాని, తగ్గించలేదు దాని సంపన్నతని. రోజూ తెల్లారి బస్సెక్కి వచ్చి నాలుగిళ్ళల్లో అంట్లు తోమి వెళ్ళే ఆమె మాత్రం ఈ పేట లెక్కల్లోకే రాదు. రాత్రి ఆమె పడుకునేది వేరే వార్డులో.