సురవరం ఫాంటు: అక్షరమును మార్చుకొను హక్కు

1922లో నల్లగొండ నుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావు 'నీలగిరి' పత్రికను వెలువరించిన కాలములో అచ్చక్షరము ఒక లోహపు వస్తువు. సీసపు టైపును కొన్న ముద్రాపకునికి అది సొంతము. ఒక వత్తు సరిగా కుదరనిచో ఆకురాయితో అరగదీసి సరిచేసుకొనవచ్చును. ఎవరి అనుమతియు అవసరము లేదు. నేడు అక్షరము కంప్యూటరులోని ఒక ఫైలు. దీనిని ఫాంటు అందురు. ఫాంటును కొన్నను, ఉచితముగా పొందినను, దానిని మార్చు హక్కు మాత్రము దానంతట అది రాదు. ఆ హక్కు ఉన్నదా లేదా అనునది ఫాంటుతోపాటు వచ్చు లైసెన్సును బట్టి తేలును.

ఈ దృష్టితో పరిశీలింపదగినది 'సురవరం' ఫాంటు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడులో జన్మించి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి పేర ఇది వెలసినది. 2013లో గుత్తుల పురుషోత్ కుమార్ దీనిని రూపొందించగా, సిలికానాంధ్ర సంస్థ ఓపెన్ ఫాంట్ లైసెన్సు 1.1 క్రింద విడుదల చేసినది.

ఎస్.ఐ.ఎల్. సంస్థ 2007లో ప్రకటించిన ఈ లైసెన్సు నియమములు కొద్దిపాటివి. ఫాంటును ఎవరైనను వాడవచ్చును, పరిశీలింపవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. దానిని విడిగా అమ్మరాదు. వేరొక సాఫ్ట్‌వేరుతో కలిపి అమ్మవచ్చును. మార్చిన ఫాంటు కూడ ఇదే లైసెన్సు క్రింద ఉండవలెను. కర్త తన ఫాంటు పేరును ప్రత్యేకించుకొన్నచో, మార్చిన ప్రతికి వేరు పేరు పెట్టవలెను. ఫాంటుతో తయారైన పుస్తకములకు, ప్రశ్నపత్రములకు ఈ నిబంధనలేవియు వర్తింపవు.

పేరు మార్చవలెనను నిబంధనను కొందరు అడ్డంకిగా భావింతురు. కాని ఒకే పేరుతో రెండు వేర్వేరు ఫాంటులు రెండు కంప్యూటర్లలో ఉన్నచో, ఒకచోట రెండు పుటలలో ఇమిడిన ప్రశ్నపత్రము మరొకచోట మూడవ పుటకు ప్రాకును. కనుక ఆ నిబంధన న్యాయమైనదే.

మార్చుట ఎందుకు అను ప్రశ్నకు తెలుగు లిపియే సమాధానము. యూనికోడ్ పద్ధతిలో 'క్ష' అను అక్షరము కకారము, పొల్లు, షకారము అను మూడు సంకేతములుగా నిలువ ఉండును. వాటిని కలిపి ఒక రూపముగా చూపు సూత్రము ఫాంటులోనే ఉండును. ఆ సూత్రములో దోషమున్నచో వత్తు తప్పుచోట పడును. అదియును గాక, లిపి సంకేతముల పట్టిక పెరుగుచున్నది. పాత పద్యగ్రంథములలో కనిపించు నకారపొల్లు 2021లో మాత్రమే యూనికోడ్‌లో చేరినది. 2013 నాటి ఫాంటు తొలి ప్రతిలో ఆ సంకేతము ఉండుటకు వీలులేదు. మార్చు హక్కు లేనిచో, కర్త స్వయముగా పూనుకొనువరకు పద్యము అసంపూర్ణముగానే అచ్చగును.

ఇక లోపములు. సురవరం ఫాంటు ఒకే మందములో వచ్చినది. పాఠ్యపుస్తకమునకు, నిఘంటువునకు బొద్దు అక్షరము కూడ కావలెను. కంప్యూటరు తనంతట తాను గీతలను లావు చేసినచో 'ఘ', 'ఝ' వంటి అక్షరముల లోపలి ఖాళీలు పూడిపోవును. సరియైన బొద్దు రూపమును గీయుటకు లైసెన్సు అనుమతించుచున్నది, గీయువారు కావలెను.

రెండవ లోపము లైసెన్సులోనే ఉన్నది. చిత్తు గీతలను, నిర్మాణపు ఫైళ్లను బయటపెట్టవలెనని అది కర్తను నిర్బంధింపదు. ఈ విషయములో జి.పి.ఎల్. అను లైసెన్సు గట్టిది. మూలమును కూడ ఇమ్మనును. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన 'పోతన 2000', 'వేమన 2000' ఫాంటులు ఆ లైసెన్సుతో వెలువడినవి. తుది ఫైలు మాత్రమే దొరికినచో మార్పు సాధ్యమే గాని, కర్త ఆలోచనను ఊహించి పనిచేయవలసి వచ్చును. తెలుగువంటి సంక్లిష్టలిపికి ఈ లోటు చిన్నది కాదు.

అయినను, మొత్తము మీద ఈ ఫాంటు విడుదల మేలైన పని. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు ఉన్నచోట విద్యార్థులు ఫాంట్‌ఫోర్జ్ అను ఉచిత సాధనముతో దీనిని విప్పి, ఒక వత్తు ఎట్లు అమరునో చూడవచ్చును. మార్చదలచినచో ముందుగా ప్రతికి కొత్త పేరు పెట్టి, లైసెన్సు పాఠమును, కర్త పేరును చెరపకుండ ఉంచవలెను. నకారపొల్లు ఒక్కటి చేర్చగలిగినను, తరువాత ఆ పద్యములను అచ్చువేయువారందరికి అది ఉపకరించును.